తవుడుకు కొన్న బిడ్డ

నా పేరు తిప్పమ్మ. డాక్టర్ తిప్పమ్మ. విదేశాల్లో సభలకు వెళ్ళినప్పుడు ఆ పేరుకు అర్థమేమిటని అడుగుతారు, అందమైన జవాబేదో వస్తుందని మొహం వెలిగించుకుని. చెత్తకుప్ప అని చెబుతాను. అప్పుడు వాళ్ళ మొహాలు చూడడం నాకు సరదా.

మా ఎమ్మిగనూరు వైపు తిప్ప అంటే పెంటకుప్పే. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను తీసుకెళ్ళి తిప్ప మీద పడుకోబెడతారు. కన్న బిడ్డలంతా బతికున్న ఆడమనిషి ఒకామె వచ్చి ఎత్తుకుంటుంది. కన్నతల్లి ఆమెకు చాటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంటుంది. ముక్కు కుట్టిస్తారు, పనికిమాలిన పేరొకటి తగిలిస్తారు. ఎందుకంటే బిడ్డల్ని తీసుకుపోయేది ఏదో ఒకటుంది. దానికి కడుపున పుట్టిన బిడ్డలే కావాలి. చెత్తలో దొరికినదాన్ని, తవుడుకు కొన్నదాన్ని అది ముట్టదు.

నన్ను ముట్టలేదు. అయితే దానికి ఎక్కడ అనుమానం వస్తుందోనని మా అమ్మ వెంకటేశ్వరమ్మ నన్ను ఒక్కసారి కూడా 'నా బిడ్డ' అనలేదు. బళ్ళో చేర్చినప్పుడూ అంతే, నాకు డాక్టరేటు వచ్చిందని ఊళ్ళోవాళ్ళు శాలువా కప్పినప్పుడూ అంతే. "ఈమెను తవుడుకు కొన్న్యా" అని చెప్పి పక్కకు జరిగింది. నా తర్వాత పుట్టిన తమ్ముడు రఘునాథ్‌ను మాత్రం నా కొడుకు, నా తండ్రి అని నోరారా పిలిచేది. గండం నాతో గడిచిపోయిందనుకుంది మరి. అది నాకు మంట. తల నెరిసినా ఆ మంట ఆరలేదు.

నాకు ముందు ముగ్గురు పోయారు. మాది నేత ఇల్లు, ముందు గదిలో గుంట మగ్గం. పోయిన ముగ్గురినీ పెరట్లో తిప్ప పక్కన పూడ్చారు కానీ, అమ్మ లెక్కలో వాళ్ళుండేది మగ్గం గుంటలో. నాన్న మగ్గం మీద నుంచి లేచాక, తను తినబోయే మొదటి ముద్ద తీసి ఆ గుంటలో పెట్టేది.

"ఆకలితోనే పోయినారు, ఆకలితోనే ఉంటారు" అనేది. "తాగిన పాలు తాగినట్లే నీళ్ళయి పోతాండె. ఎంత తాగినా ఇంగా, ఇంగా అన్నట్లు నోరు తెరుస్తాండె. ముగ్గురూ అంతే. ముగ్గురు కాదుమే, ఒకటే. అదే మళ్ళా మళ్ళా వచ్చినాది."

మళ్ళీ రాకుండా ఉండాలని, వస్తే గుర్తుపట్టాలని, పూడ్చేముందు కుడి చెవి అంచు చిటికెడు కత్తిరించేవాళ్ళు. మగ్గం కత్తెరతోనే. చిన్నప్పుడు ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవాలంటే నాకు వణుకు. చల్లటి నోరేదో నా బొటనవేలు పట్టుకుని చప్పరిస్తున్నట్టు ఉండేది. అమ్మతో చెబితే తిట్టలేదు. పాపం ఆకలేమో అంది.

సైన్సు నన్ను ఆ గుంటలోంచి పైకి లాగిందనుకున్నాను. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరి, ఒకే ఒక్క ఎంజైము మీద పని చేస్తూ ముసలిదాన్నవుతున్నాను. ఆ పని మా గురువుగారిచ్చింది, నేను ఏరుకున్నది కాదు. మా ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టే మీకూ చెబుతాను. మగ్గం మీద చీరలన్నీ ఒకే పడుగు మీద వరసగా నేస్తారు. చీరకూ చీరకూ మధ్య కొంచెం నేయని పోగులు వదులుతారు. అక్కడ కత్తెర పడితేనే చీర. పడకపోతే అది కట్టుకోవడానికి పనికిరాని బారు గుడ్డ. ఒంట్లో హార్మోన్లు కూడా అలాగే పొడుగాటి గొలుసుగా తయారవుతాయి. గుర్తున్న చోట ఎంజైము కత్తిరిస్తేనే పనికొచ్చే చిన్న ముక్క, పెప్టైడు, బయటపడుతుంది. ఆ కత్తెర ఎక్కడ పట్టుకుంటుంది, ఎక్కడ కోస్తుంది, జన్యువులో ఒక్క అక్షరం తప్పితే ఎందుకు మొరాయిస్తుంది, ఇదీ నా బతుకు. ఎలుకలు, గాజు పళ్ళాల్లో పెంచిన కణాలు. మనుషుల జోలికి నేను పోలేదు.

మనుషులే నా జోలికి వచ్చారు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ విదేశీ డాక్టర్ల రిపోర్టు చదువుతున్నాను. ఈ ఎంజైము బొత్తిగా పనిచేయని పసిపిల్లల గురించి. దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళు జరిగే ఇళ్ళల్లో పుడతారట. పేగుకు అందాల్సిన హార్మోన్లు అందవు. తాగిన పాలు తాగినట్టే నీళ్ళయి పోతాయి. బతికి బట్టకట్టిన వాళ్ళకు ఎంత తిన్నా ఆకలి తీరదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవి మా అమ్మ మాటలే, ఇంగ్లీషులో ఉన్నాయంతే.

మా అమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. నా రక్తం నేనే పరీక్షించుకున్నాను. మనిషికి ప్రతి జన్యువూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఆ ఎంజైము జన్యువు నాలో ఒక ప్రతి బాగుంది, ఒకటి చెడింది. రెండూ చెడితే నేనూ పెరట్లోనే ఉండేదాన్ని. ల్యాబులో అంత వెలుగులో నిలబడి ఉంటే నా కాలి బొటనవేలు చల్లబడింది. అదే మళ్ళా మళ్ళా వచ్చినాదని అమ్మ అన్నది అక్షరాలా నిజం.

తమ్ముడి కూతురు సుకన్యకు సంబంధం కుదిరినప్పుడు గోల పెట్టాను. పిల్లవాడు తిప్పేస్వామి మా మేనమామ మనవడే, ఆదోనిలో పత్తి మిల్లులో పని. ఇద్దరి రక్తాలూ ముందు చూద్దామంటే, "జాతకాలు సూపించినాం లేక్కా" అన్నాడు మా తమ్ముడు. మొదటి బిడ్డ ఆదోనిలో పుట్టి ఆదోనిలోనే పోయింది. పోయాకే నాకు తెలిసింది. అమ్మ ఎమ్మిగనూరు నుంచి కత్తెర తీసుకుని మరీ వెళ్ళిందట.

రెండో బిడ్డ ఎమ్మిగనూరులో, మా ఇంట్లోనే పుట్టింది. ఆడపిల్ల. కుడి చెవి అంచున చిటికెడు సొట్ట. చూసి అమ్మ కెవ్వుమని అరిచి కూలబడిపోయిందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఒరే, నీ చెవికీ అదే సొట్ట ఉంది, అది వంశంలో వస్తుంది, భూతం కాదు అని అరిచాను. అరిచి, వాడు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. కత్తెరతో తీసినంత నున్నగా ఉంది.

నెల తిరక్కుండానే బిడ్డకు విరేచనాలు మొదలయ్యాయి. రక్తాలు పంపమన్నాను. ఎమ్మిగనూరులో రక్తపరీక్షల సెంటర్లో పనిచేసే సామ్సన్ మా ఇంటికి వెళ్ళి బిడ్డకూ తల్లికీ తీశాడు, ఆదోనిలో తండ్రికి తీయించాడు. నా ల్యాబులో నా చేతులతో నేనే చూశాను. బిడ్డలో రెండు ప్రతులూ చెడ్డవే. తండ్రిలో ఒకటి చెడింది. తల్లిలో రెండూ శుభ్రంగా ఉన్నాయి.

అలా ఉండడానికి లేదు. ఒక చెడ్డ ప్రతి తండ్రిచ్చాడు, రెండోది తల్లే ఇవ్వాలి. శాంపిల్ తారుమారైంది మేడం అన్నారు నా విద్యార్థులు. కర్నూల్లో బిడ్డను చూస్తున్న డాక్టరూ అదే అన్నాడు. ఆయన మంచివాడు. "పేగుకు పని లేకుండా నరంలోంచే తిండి ఎక్కించాలంటున్నారు. నెలల పని మేడం అది. ట్యూబుకు చీము పట్టిందంటే బిడ్డ దానివల్లే పోతుంది. ఆ రిపోర్టు ఈ బిడ్డదేనని నాకు తేల్చండి, తల్లి ఒప్పుకుని ఇక్కడే ఉండాల, ఆ గంటలోనే మొదలుపెడతా" అన్నాడు. అంతవరకు ఇంటికి తీసుకుపోతామని మావాళ్ళు పట్టుబట్టి తీసుకెళ్ళిపోయారు. ఇంట్లో బిడ్డ కరిగిపోతోంది. కారు మాట్లాడుకుని బయల్దేరాను.

కోడుమూరు దాటాక దారంతా పత్తి చేలు, ఎండ. ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మగ్గం తీసేసి చాలా ఏళ్ళయింది, గుంట మీద చెక్క పలకలు పరిచారు. వాటి పక్కనే అమ్మ కూర్చుని ఉంది. పలకల సందులోంచి అన్నం వాసన. ఇంకా పెడుతూనే ఉందన్నమాట. పక్క సందులో ఉండే హనుమక్క ఒళ్ళో బిడ్డ ఉంది. హనుమక్కది సి.బెళగల్ వైపు, కూలికని వచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. బిడ్డ మొహం నిండా కళ్ళే. నోరు తెరిచే ఉంది. ఏడుపు ఏడుపులా లేదు, పాత తలుపు కిర్రుమన్నట్టుంది.

సామ్సన్ సూది సిద్ధం చేసుకుని, "తల్లి రావాలమ్మా" అన్నాడు.

హనుమక్క బిడ్డను ఎడమ పక్కకు జరుపుకుని కుడి చెయ్యి చాపింది. "ఈ సెయ్యే పొడువప్పా. పోయినసారీ ఈ సెయ్యే గదా."

"హనుమక్కా, నువ్వా తల్లివి?" అన్నాను.

"నేనేక్కా. తిప్ప మీద నుంచి ఎత్తుకున్నది నేనే గదా. నా పిల్లోల్లంతా సల్లగా ఉండారని అవ్వ నన్నే పిలిచినాది. ఏడాది నిండేదాంకా ఇది నాదే. ఆపైన కొనుక్కుంటారంట."

ఆమె మొహంలో దాపరికం లేదు, కాస్త గర్వం కూడా ఉంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ బిడ్డకు తల్లి హనుమక్క, తల్లి రక్తం అడిగితే ఆమె ఇచ్చింది. కర్నూలు ఆసుపత్రికి ఎత్తుకుపోయిందీ ఆమే, అక్కడి చీటీలో 'బేబీ ఆఫ్ హనుమక్క' అని రాయించిందీ ఆమే. ఈ రోజుల్లో ఎవరు చేస్తారులే అనుకున్న తతంగం నా ల్యాబు దాకా వచ్చి నా రిపోర్టును అబద్ధం చేసింది. అదీ తిప్పమ్మ అనే పేరు మోస్తున్న నా రిపోర్టును!

వంటింటి గడపలో సుకన్య నిలబడి ఉంది. బిడ్డ వైపు చూడడం లేదు. రవిక పాలతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గ్లాసులోకి పిండి ఇస్తే హనుమక్క తాగిస్తోందట.

"సుకన్యా, రామ్మా. సెయ్యి సాపు" అన్నాను.

"దాన్ని పిలవొద్దు" అంది అమ్మ. "దాని బిడ్డ కాదు అది."

"అమ్మా, బిడ్డ పోతాది. ఇంగ రెండు దినాలు కూడా ఆగదు."

"అది నాదని ఇది అన్న గడియలోనే పోతాది."

తిప్పేస్వామికి ఫోన్ చేస్తే అవ్వ ఎట్లంటే అట్లే అన్నాడు. తమ్ముడు గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. గొలుసు, కత్తెర, ఎంజైము, అన్నీ మళ్ళీ చెప్పాను. క్లాసులో చెప్పినంత ఓపిగ్గా చెప్పాను. సుకన్య అంతా విని, మెల్లగా అంది. "నువ్వు సెప్పేది అర్థమైతాంది అత్తా. కానీ సెయ్యి సాపితే ఒప్పుకున్నట్టే గదా. మొదటిదాన్ని నా బంగారు, నా తల్లి అని ముద్దులాడితి. నా నోరే దాన్ని తినె."

అప్పుడు బిడ్డ మళ్ళీ కిర్రుమంది. ఆ చప్పుడు హనుమక్క ఒళ్ళోంచి వస్తోందని నాకు తెలుసు. నా చెవులకు మాత్రం పలకల కింద నుంచి వచ్చింది. కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. అమ్మ అది చూసింది.

"నీకూ ఇనిపించినాది" అంది.

"ల్యా" అన్నాను. అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది.

అమ్మ గోడ పట్టుకుని లేచి, నా మణికట్టు పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. ఆ ముసలి చేతికి అంత బలం ఉందనుకోలేదు. అందరూ మా వెనకే వచ్చారు. తిప్ప అక్కడే ఉంది, నేను పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఎండకు పేడ వాసన. దాని పక్కన మెత్తటి నేల మీద ఎవరూ ఏమీ నాటరు. అమ్మ నన్ను ఆ నేల ముందు నిలబెట్టి, గొంతెత్తి మాట్లాడింది. మాలో ఎవరితోనూ కాదు.

"ఇను. ఈమెను నేను కొనలా. నేనే కన్న్యా. మోసినా, నొప్పులు పడినా, కన్న్యా. తవుడు మాట నీకు సెప్పిన అబద్ధం. తిప్పమ్మ నా బిడ్డ. నా కడుపు. ఇన్నావా? నా బిడ్డ ఇది."

నేను ఏడ్చేశాను. సభల్లో, పత్రికల్లో ఎందరితో ఏమనిపించుకున్నా, ఈ చెవులు పుట్టినప్పటి నుంచీ కాచుకున్నది ఈ ఒక్క మాట కోసమే. చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెడుతూ ఏడ్చాను. ఎంత సంతోషమంటే, అమ్మ సుకన్య వైపు తిరిగి అన్న మాట వెంటనే తలకెక్కలేదు.

"అది ఇంగ ఈమె దిక్కు సూస్తాంటాది. ఇంత పెద్ద బిడ్డను సూపించినాక సిన్నదాని జోలికి రాదు. పోమ్మా, పోయి సెయ్యి సాపు."

అప్పుడర్థమైంది. నన్ను ఒప్పుకోవడం కాదు, నన్ను ఒప్పజెప్పడం. కోపం రాబోయింది. కానీ నా మణికట్టు మీద అమ్మ చెయ్యి ఇంకా ఉంది. వదల్లేదు. సామ్సన్ సుకన్య చేతికి సూది గుచ్చినంతసేపూ వదల్లేదు. సుకన్య హనుమక్క ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని, "నాది" అని ఒక్క మాట అని, తడిసిన రవికకు హత్తుకుంది.

కన్నతల్లి దొరికింది, నా రిపోర్టుకు అడ్డు తొలగింది. ఆ సాయంత్రమే కర్నూల్లో ట్యూబు వేశారు. సుకన్య రక్తం నా ల్యాబుకు చేరాక అందులో రెండో చెడ్డ ప్రతి దొరికింది, డాక్టరుకున్న అనుమానం కూడా పోయింది. చీటీ మీద 'బేబీ ఆఫ్ సుకన్య' అని మార్చారు. తర్వాతి నెలలు నేను మళ్ళీ చెప్పలేను. ఒకసారి ఆయన భయపడినట్టే చీము పట్టింది, జ్వరం వచ్చింది, ఇక లేదనుకున్నాం. ఉంది. మెల్లగా బుగ్గలు వచ్చాయి. పేగు కొంచెం కొంచెంగా పని నేర్చుకుంది.

మా అమ్మకు ఫోన్ చేసే అలవాటు ఎప్పుడూ లేదు. ఆ రోజు నుంచి రోజూ తెల్లవారగానే చేసేది. "ఉండావామే?" అనేది. "ఉండా" అనేదాన్ని. పెట్టేసేది. అంతే, ఇంకో మాట లేదు. ఒకనాడు మీటింగులో ఉండి ఎత్తకపోతే, నేను తిరిగి చేసేదాకా పచ్చి నీళ్ళు ముట్టలేదట. నేను వీటిని నమ్మను. కానీ రోడ్డు దాటేటప్పుడు మునుపటికన్నా ఎక్కువసేపు ఆగుతున్నాను. ల్యాబులో ఒంటరిగా ఉంటే బూట్లు విప్పను.

బిడ్డకు ఏడాది నిండిందని పిలిస్తే వెళ్ళాను. ముందు గదిలో, పలకల మీదే కూర్చుని, బిడ్డ రెండు చేతులతో అన్నం తింటోంది. నన్ను చూసి గిన్నె ముందుకు తోసి, "ఇంగా" అంది. అదే దాని మొదటి మాటట. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రా" అంది.

పెరట్లో హనుమక్క నిలబడి ఉంది. తిప్ప మీద పాత చీర ఒకటి పరిచి ఉంది. పక్కన చాటలో తవుడు.

"కూచో" అంది అమ్మ.

"అమ్మా, నాకు ఎన్నేండ్లో తెలుసా?"

"కూచోమే. సిన్నది గట్టెక్కినాది. ఇంగ నువ్వుండావు దాని కంట్లో. పొద్దున ఫోన్ మోగిందాంకా నా పానం నా దగ్గర ఉండటం ల్యా."

నేను ఆ ఎంజైము మీద రాసిన పేపర్లన్నీ ఆ క్షణంలో నాకు గుర్తున్నాయి. అయినా వెళ్ళి తిప్ప మీద కూర్చున్నాను. కింద వెచ్చగా ఉంది. అమ్మ నాకు వీపు తిప్పి నిలబడి, పెరడంతా వినబడేలా అంది. "యాడిదో బిడ్డ. నాది కాదు. ఎవరికి గావల్లంటే వాల్లు తీస్కోండి." గొంతు 'నాది కాదు' దగ్గర ఒక్కసారి ఆగి, మళ్ళీ సాగింది. హనుమక్క వచ్చి నా చెయ్యి పట్టి లేపింది. ఈసారి తవుడు పోసి తిరిగి కొనుక్కునే ఉద్దేశం అమ్మకు లేదు. చాటను హనుమక్క చేతికే ఇచ్చి, "మేపుకో తల్లీ, బాగా సూసుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ నా మొహం చూడలేదు. మధ్యాహ్నం నేను హనుమక్క ఇంట్లో జొన్నరొట్టె తిని హైదరాబాదు బస్సెక్కాను.

అమ్మ ఫోన్ చేయడం మానేసింది. ఇప్పుడు తెల్లవారగానే అదే నంబరు నుంచి హనుమక్క చేస్తుంది. నాకన్నా చిన్నది, అయినా "ఉండావా బిడ్డా?" అంటుంది. ఆమె వెనకాల, చాలా దగ్గరగా, ఎవరో ఊపిరి బిగబట్టి ఉంటారు.

"ఉండానమ్మా" అని గట్టిగా చెబుతాను, ఆ పక్కనున్నవాళ్ళకు కూడా వినబడేలా.